సీఎన్‌బీఆర్-యాక్టివేటెడ్ సెఫరోజ్ 4బీ: ఎల్‌హెచ్ రిసెప్టర్‌ను పట్టిస్తుంది, కొలిచేటప్పుడు అడ్డం తిరుగుతుంది

అండాశయం నుంచో వృషణం నుంచో ఎల్‌హెచ్ రిసెప్టర్‌ను, అంటే ల్యూటినైజింగ్ హార్మోన్‌ను పట్టే కణపొర ప్రోటీన్‌ను, శుద్ధి చేయాలనుకునేవారు ఏదో ఒక దశలో హార్మోన్ అతికించిన కాలమ్ దగ్గరికి రాక తప్పదు. కణపొర ప్రోటీన్లలో దీని వాటా అంత తక్కువ. అయాన్ ఎక్స్ఛేంజ్, జెల్ ఫిల్ట్రేషన్ ఎన్నిసార్లు నడిపినా వేల రెట్ల శుద్ధి చేతికి రాదు. రిసెప్టర్ తన హార్మోన్‌ను గుర్తుపట్టే గుణాన్నే వాడుకోవాలి. ఆ పనికి ముందుగా గుర్తొచ్చే సరుకు సీఎన్‌బీఆర్-యాక్టివేటెడ్ సెఫరోజ్ 4బీ, అంటే సయనోజన్ బ్రోమైడ్ (సీఎన్‌బీఆర్)తో చురుకు చేసిన అగరోజ్ పూసలు. అగరోజ్‌ను సయనోజన్ బ్రోమైడ్‌తో చురుకు చేసే పద్ధతిని 1967లో ఆక్సెన్, పొరాత్, ఎర్న్‌బాక్ ప్రకటించారు. మరుసటి ఏడే క్వాట్రెకాసాస్, విల్చెక్, అన్‌ఫిన్సెన్ దాంతో ఎంజైమ్‌లను ఒక్క కాలమ్‌లో శుద్ధి చేసి చూపించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ పొడి డబ్బాలు అమ్ముడవుతున్నాయంటే కారణం లేకపోలేదు.

ఎలుక అండాశయపు ఎల్‌హెచ్ రిసెప్టర్‌ను హెచ్‌సీజీ (అదే రిసెప్టర్‌కు అంటుకునే గర్భకాల హార్మోన్) అతికించిన జెల్‌తో పట్టే పనికి ఇది ఎంతవరకు సరిపోతుందన్నదే ఇక్కడి ప్రశ్న. రిసెప్టర్‌ను పట్టడం, శుద్ధి చేయడం, ఎస్‌డీఎస్ జెల్ (ప్రోటీన్లను అణుభారాన్ని బట్టి విడదీసే జెల్) మీద బ్యాండ్ చూడడం, పెప్టైడ్ వరుసకు పంపడం వరకైతే నిశ్చింతగా కొనొచ్చు. అదే కాలమ్ నుంచి దిగిన ప్రోటీన్‌తో బంధన సామర్థ్యం, కేడీ (సగం రిసెప్టర్లు నిండే హార్మోన్ గాఢత) కొలవాలంటే మాత్రం ఈ జెల్ పెట్టే చిక్కు చిన్నది కాదు. ఆ చిక్కు పేరు లీకేజీ, అంటే జెల్‌కు అతికించిన హార్మోన్ ఊడి రావడం.

ముందు సరుకు సంగతి. పొడిగా, ఫ్రీజ్-డ్రై చేసి వస్తుంది. 4 శాతం అగరోజ్ పూసలు, 45 నుంచి 165 మైక్రాన్ల వ్యాసం. ఒక గ్రాము పొడి ఉబ్బితే సుమారు 3.5 మి.లీ. జెల్ అవుతుంది. ఎంత కావాలో అంతే తూచుకోవచ్చు, మిగతాది పొడిగానే ఉంటుంది. ద్రవంలో వచ్చే జెల్‌లకు ఈ సౌకర్యం ఉండదు. డబ్బాను ఫ్రిజ్‌లోంచి తీయగానే మూత తెరవకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగాలి. చల్లటి పొడి మీద చెమ్మ పడితే చురుకైన సమూహాలు అక్కడే నీటితో తెగిపోతాయి. తర్వాత కప్లింగ్ (హార్మోన్‌ను జెల్‌కు అతికించడం) సగానికి పడిపోతే హార్మోన్‌ను అనుమానిస్తారు గానీ, చాలాసార్లు దోషం ఈ చెమ్మదే.

ఉబ్బించడానికి నీళ్లు కాదు, 1 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడాలి. గ్రాముకు 200 మి.లీ. చొప్పున, విడతలు విడతలుగా, సింటర్డ్ గ్లాస్ ఫిల్టర్ మీద పావుగంట సేపు కడగాలి. దీనికి రెండు కారణాలు. పొడి చెడిపోకుండా కలిపిన డెక్స్‌ట్రాన్, లాక్టోజ్ పూర్తిగా పోవాలి. రెండోది, సయనేట్ ఎస్టర్లు ఆమ్లంలో నిలుస్తాయి, క్షారంలో త్వరగా తెగుతాయి. అందుకే ఆమ్లంలోంచి కప్లింగ్ బఫర్‌లోకి మార్చాక ఆలస్యం పనికిరాదు. హార్మోన్ ద్రావణం పక్కనే సిద్ధంగా ఉంచుకుని అప్పుడు బఫర్ మార్చాలి. ఫిల్టర్ మీద జెల్‌ను పూర్తిగా ఎండబెట్టేదాకా వాక్యూమ్ లాగొద్దు, పైన పగుళ్లు కనిపించగానే ఆపేయాలి.

కప్లింగ్ బఫర్ 0.1 మోలార్ సోడియం బైకార్బొనేట్, పీహెచ్ 8.3, అందులో 0.5 మోలార్ ఉప్పు. ఆ ఉప్పును తగ్గించకూడదు, ప్రోటీన్లు అయానిక్ ఆకర్షణతో జెల్‌కు ఊరికే అంటుకోకుండా ఆపేది అదే. ట్రిస్, గ్లైసిన్ లాంటి అమీన్లు ఛాయలకు కూడా రాకూడదు. హార్మోన్ వయల్‌లో ఏ బఫర్ లవణాలతో ఫ్రీజ్-డ్రై చేశారో చూసి, అవసరమైతే ముందే డయాలిసిస్ చేయాలి.

హెచ్‌సీజీ ఎలాంటిది కొంటున్నామన్నది జెల్ ఎంపిక కంటే పెద్ద విషయం. శుద్ధ హార్మోన్‌కు మిల్లీగ్రాముకు 10,000 అంతర్జాతీయ యూనిట్లకు పైగా ఉంటుంది. కరుకు సరుకులో రెండు మూడు వేలకు మించదు, మిగతాదంతా మూత్రంలోంచి వచ్చిన ఇతర ప్రోటీన్లే. ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ కూడా అందులో దొరుకుతుందని తెలిసిన విషయమే. కరుకు సరుకును అతికిస్తే కాలమ్ మీద ఒక ఎర కాదు, పది ఎరలు ఉంటాయి. అప్పుడు దిగిన బ్యాండ్లలో ఏది ఎల్‌హెచ్ రిసెప్టరో, ఏది మరొకటో తేల్చడానికి వారాలు పడుతుంది. ఇక్కడ పొదుపు చేయడం దండగ.

తయారీదారు సూచనల్లో మి.లీ. జెల్‌కు 5–10 మి.గ్రా. ప్రోటీన్ అని ఉంటుంది. ఈ పనికి అంత అక్కర్లేదు. మి.లీ.కు 1 మి.గ్రా. చాలు. హెచ్‌సీజీ అణుభారం సుమారు 37,000 కనుక అది 27 నానోమోల్. అతికినదానిలో 5 శాతమే చురుగ్గా మిగిలినా 1.3 నానోమోల్ రిసెప్టర్‌ను పట్టగలదు. పదుల కొద్దీ అండాశయాలకు అది సరిపోతుంది. హార్మోన్‌ను దట్టిస్తే అనవసర బంధనం పెరుగుతుంది, దింపడం కష్టమవుతుంది, పైగా లీకయ్యే సరుకు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

గది వేడిలో రెండు గంటలు, లేదా 4 డిగ్రీల దగ్గర రాత్రంతా, గొట్టాన్ని తలకిందులుగా తిప్పే యంత్రం మీద ఉంచాలి. మాగ్నెటిక్ స్టిరర్ వేస్తే పూసలు నలిగి పొడి అవుతాయి, ఆ పొడి కాలమ్ అడుగు వలను మూసేస్తుంది, ప్రవాహం ఆగుతుంది. తర్వాత మిగిలిన సమూహాలను పీహెచ్ 8.0 దగ్గర 1 మోలార్ ఇథనోలమీన్‌తో రెండు గంటలు మూసేయాలి. చివరగా పీహెచ్ 4.0 ఎసిటేట్, పీహెచ్ 8.0 బఫర్, రెండింట్లోనూ 0.5 మోలార్ ఉప్పుతో, ఒకదాని తర్వాత ఒకటిగా కనీసం మూడు విడతలు కడగాలి.

ఎంత అతికిందో తెలుసుకోవడంలో ఈ జెల్‌కు ఒక మంచి గుణం ఉంది. ఇదే పనికి వాడే మరో రకమైన ఎన్‌హెచ్‌ఎస్ జెల్‌లలో విడిపోయే ఎన్-హైడ్రాక్సీసక్సినిమైడ్ క్షార పీహెచ్‌లో 260–280 నానోమీటర్ల దగ్గర గట్టిగా శోషిస్తుంది, అందువల్ల కడిగిన ద్రవంలో ప్రోటీన్‌ను 280 దగ్గర చదవలేం. ఇక్కడ ఆ బెడద లేదు. అయితే హెచ్‌సీజీలో ట్రిప్టోఫాన్ అసలే లేదు కనుక దాని శోషణే తక్కువ, 280 రీడింగ్ మీద మరీ భరోసా వద్దు. కప్లింగ్ ద్రావణంలో చిటికెడు అయోడిన్-125 హెచ్‌సీజీ కలిపి, జెల్‌ను, కడిగిన నీటిని విడివిడిగా గామా కౌంటర్‌లో లెక్కించడం నమ్మదగిన దారి. ఈ గుర్తు తర్వాత లీకేజీ లెక్కకు కూడా పనికొస్తుంది.

పీహెచ్ ఎంపిక దగ్గర ఒక బేరం ఉంది. హెచ్‌సీజీ ఆల్ఫా ఉపభాగంలో 92 అమైనో ఆమ్లాలు, వాటిలో ఆరు లైసిన్లు. బీటాలో 145, వాటిలో నాలుగు లైసిన్లు. పీహెచ్ 8.3 దగ్గర లైసిన్లు చురుగ్గా ఉండి హార్మోన్ ఒకటి కంటే ఎక్కువ చోట్ల అతుక్కునే అవకాశం ఎక్కువ. పట్టు గట్టిగా ఉంటుంది, లీకేజీ తగ్గుతుంది, కానీ రిసెప్టర్‌ను తాకాల్సిన ముఖమే జెల్‌కు అతుక్కుపోవచ్చు. పీహెచ్ 7 చుట్టుపక్కలకు దించితే అతుకులు తగ్గి హార్మోన్ చురుకు మిగులుతుంది, లీకేజీ పెరుగుతుంది. పట్టడమే లక్ష్యమైతే 7.5, దిగినదాన్ని కొలవడం లక్ష్యమైతే 8.3 మేలు.

కణజాలం గురించి అవసరమైనంత వరకే. అనుమతి పొందిన పద్ధతిలో 25–28 రోజుల వయసున్న ఆడ ఎలుకలకు 50 యూనిట్ల పీఎంఎస్‌జీ (గర్భిణి గుర్రపు రక్తం నుంచి తీసే, అండాశయాన్ని ఉత్తేజపరిచే హార్మోన్), 56–65 గంటల తర్వాత 25 యూనిట్ల హెచ్‌సీజీ ఇస్తే, ఆ తర్వాత 6–8 రోజులకు అండాశయాల నిండా కార్పస్ లూటియమ్‌లు (అండం విడుదలయ్యాక ఏర్పడే గ్రంథులు) ఉంటాయి, రిసెప్టర్ పుష్కలంగా దొరుకుతుంది. తొందరపడి రెండో రోజే తీస్తే ఇచ్చిన హెచ్‌సీజీ దెబ్బకు రిసెప్టర్లు పొర మీద తగ్గిపోయి ఉంటాయి, ఉన్నవి కూడా నిండి ఉంటాయి. కబేళా నుంచి తెచ్చే ఆవు, పంది అండాశయాలతోనూ పని జరుగుతుంది. వాటిని నిమిషాల్లో మంచులోకి, ఆపై ద్రవ నైట్రోజన్‌లోకి చేర్చడమే కీలకం.

హోమోజెనైజ్ చేసే బఫర్‌లో పీహెచ్ 7.4 దగ్గర 50 మిల్లీమోలార్ ట్రిస్, 150 మిల్లీమోలార్ ఉప్పు, 5 మిల్లీమోలార్ ఎన్-ఇథైల్‌మలైమైడ్, 1 మిల్లీమోలార్ పీఎంఎస్‌ఎఫ్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉండాలి. చివరి మూడూ రిసెప్టర్‌ను కోసే ఎంజైమ్‌లను ఆపడానికి. పీఎంఎస్‌ఎఫ్‌ను పొద్దున కలిపి సాయంత్రం వాడితే ఉన్నట్టు కాదు. నీటిలో, పీహెచ్ 7.5 దగ్గర, గది వేడిలో దాని సగం జీవితం గంటలోపే. ప్రతి దశలో తాజాగా వేయాలి. ఇథైల్‌మలైమైడ్‌ను మానేస్తే రిసెప్టర్ తాలూకు 93 వేల అణుభారపు బ్యాండ్ స్థానంలో దాని కింద చిన్న ముక్కల వరుస కనిపిస్తుంది. 1,000 జీ వద్ద పది నిమిషాలు తిప్పి ముతక ముక్కలను పారేయాలి, 20,000 జీ వద్ద అరగంట తిప్పి పొరలను అడుగుకు దించాలి. ఇంజెక్షన్‌లో ఇచ్చిన హెచ్‌సీజీ రిసెప్టర్ల మీద ఇంకా కూర్చుని ఉంటుంది కనుక, పీహెచ్ 3.0 గ్లైసిన్-ఉప్పు బఫర్‌లో మంచు మీద రెండు మూడు నిమిషాలు ఉంచి, వెంటనే పీహెచ్ సరిచేసి మళ్లీ తిప్పాలి. ఈ మెట్టు దాటేస్తే కాలమ్‌కు అంటుకోవాల్సిన రిసెప్టర్‌లో కొంత భాగం ముందే నిండి, అంటకుండా వెళ్లిపోతుంది. ఆ తప్పు కాలమ్ ఖాతాలో పడుతుంది.

పొరలను 1 శాతం ట్రైటన్ ఎక్స్-100 డిటర్జెంట్, 20 శాతం గ్లిసరాల్‌తో 4 డిగ్రీల దగ్గర అరగంట కరిగించి, 100,000 జీ వద్ద గంట తిప్పాలి. పైన మిగిలే ద్రవమే సారం. గ్లిసరాల్‌ను తగ్గించే ఆలోచన వద్దు. పొర నుంచి బయటకు వచ్చి, హార్మోన్ లేకుండా ఖాళీగా ఉన్న రిసెప్టర్ త్వరగా చచ్చిపోతుంది, గ్లిసరాల్ దాన్ని కాపాడుతుంది. కాలమ్‌కు ఎక్కించే ముందు ట్రైటన్‌ను 0.1–0.2 శాతానికి పలచన చేయాలి, గ్లిసరాల్ మాత్రం 20 దగ్గరే ఉంచాలి.

ఇక్కడ జెల్ మరో స్వభావం బయటపడుతుంది. సయనోజన్ బ్రోమైడ్ కప్లింగ్‌లో ఏర్పడే ఐసోయూరియా బంధం మామూలు పీహెచ్‌లో ధనావేశంతో ఉంటుంది. ఇథనోలమీన్‌తో మూసిన చోట్లా అంతే. అంటే జెల్ మొత్తం ఒక బలహీనమైన అయాన్ ఎక్స్ఛేంజర్‌లా నడుస్తుంది, ఆమ్ల స్వభావం ఉన్న ప్రోటీన్లు దానికి అంటుకుంటాయి. అందుకే ఇథనోలమీన్‌తో మాత్రమే మూసిన ఖాళీ జెల్‌ను అదే డబ్బా పొడితో తయారు చేసి ముందు కాలమ్‌గా పెట్టాలి. అది అడ్డగోలు ప్రోటీన్లను తీసేస్తుంది, ప్రయోగానికి కంట్రోల్‌గానూ ఉంటుంది. వేరే కంపెనీ ఖాళీ అగరోజ్‌ను కంట్రోల్‌గా వాడితే ఈ ఆవేశం దానికి ఉండదు, పోలిక చెల్లదు. హార్మోన్ జెల్‌ను కూడా రాత్రంతా సారంతో తిప్పాక, ముందు 1 మోలార్ ఉప్పుతో, తర్వాత 0.15 మోలార్ ఉప్పుతో, రెండింట్లోనూ 0.1 శాతం ట్రైటన్, 20 శాతం గ్లిసరాల్ ఉంచి, జెల్ పరిమాణానికి 20–50 రెట్లు కడగాలి.

వీట్ జెర్మ్ లెక్టిన్ (చక్కెరలను పట్టే గోధుమ ప్రోటీన్) కాలమ్ ఉంటే దాన్ని హార్మోన్ కాలమ్‌కు ముందు పెట్టాలి, వెనుక కాదు. రిసెప్టర్ గ్లైకోప్రోటీన్ కనుక లెక్టిన్ దాన్ని పట్టి, 0.2–0.3 మోలార్ ఎన్-ఎసిటైల్‌గ్లూకోసమీన్‌తో వదులుతుంది. ముందు పెడితే హార్మోన్ జెల్ శుభ్రంగా, ఎక్కువ సార్లు పనిచేస్తుంది. వెనుక పెడితే, కాలమ్ నుంచి ఊడివచ్చిన హెచ్‌సీజీ కూడా గ్లైకోప్రోటీనే కాబట్టి లెక్టిన్ ఆ రెండిటినీ వేరు చేస్తుందన్న నమ్మకం లేదు.

దింపడానికి 50 మిల్లీమోలార్ సిట్రేట్, పీహెచ్ 3.2 నుంచి 4.0 మధ్య, అదే ట్రైటన్, గ్లిసరాల్‌తో, 4 డిగ్రీల దగ్గర. ప్రతి గొట్టంలో ముందే 1 మోలార్ ట్రిస్ బేస్ లెక్క ప్రకారం వేసి ఉంచాలి, చుక్క పడగానే పీహెచ్ 7.4కు రావాలి. ఎంత ట్రిస్ కావాలో ఖాళీ సిట్రేట్ బఫర్‌తో ముందురోజే తేల్చుకోవాలి, గ్లిసరాల్‌లో పీహెచ్ కాగితం తప్పు చూపిస్తుంది. పీహెచ్ 3 కంటే దిగితే దిగుబడి పెరిగినట్టు కనిపించినా బంధించే చురుకు పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఐసోయూరియా బంధం శాశ్వతం కాదు. నెమ్మదిగా, నిరంతరంగా తెగుతూ ఉంటుంది. ట్రిస్, అమోనియా లాంటి అమీన్లు ఉంటే, పీహెచ్ 8 దాటితే ఇంకా వేగంగా తెగుతుంది. మామూలు ఎంజైమ్ శుద్ధిలో చటాకు లిగాండ్ (జెల్‌కు అతికించిన అణువు) కలిసినా ఎవరూ పట్టించుకోరు. హార్మోన్ బంధించే ప్రోటీన్ విషయంలో ఊడివచ్చేది సరిగ్గా మనం కొలవబోయే స్థానాన్ని ఆక్రమించే అణువే. చేపను ఎరతో సహా తూచినట్టు కాదు, ఎర చేప నోట్లోనే ఉండి ఇంకో ఎరను తిననివ్వనట్టు.

లెక్క వేసి చూస్తే భయం అర్థమవుతుంది. 3.5 మి.లీ. జెల్ మీద 3.5 మి.గ్రా. హెచ్‌సీజీ ఉందనుకుందాం. వెయ్యో వంతు ఊడితే 3.5 మైక్రోగ్రాములు, అంటే సుమారు 95 పికోమోల్. అది 10 మి.లీ. ద్రవంలోకి వస్తే 9.5 నానోమోలార్. ఈ రిసెప్టర్ కేడీ 0.1 నానోమోలార్ దరిదాపుల్లో ఉంటుంది. ఊడినదానిలో పదో వంతే చురుగ్గా ఉన్నా కేడీకి తొమ్మిది రెట్లు. తటస్థం చేసిన మరుక్షణం నుంచి ఆ హార్మోన్ రిసెప్టర్ మీద కూర్చోవడం మొదలవుతుంది. తర్వాత రోజు అయోడిన్ హెచ్‌సీజీతో స్కాచర్డ్ (బంధన కొలతల నుంచి కేడీని, బీమ్యాక్స్‌ను తీసే గ్రాఫ్) గీస్తే, గట్టిగా పట్టుకున్న భాగం బీమ్యాక్స్‌ను, అంటే మొత్తం బంధన స్థానాల లెక్కను, తగ్గించి చూపిస్తుంది, స్వేచ్ఛగా ఉన్న భాగం కేడీని పెంచి చూపిస్తుంది. చదివేవాళ్లు ‘శుద్ధిలో రిసెప్టర్ చురుకు కోల్పోయింది’ అని రాసుకుంటారు. రిసెప్టర్ బాగానే ఉంటుంది, దాని తలుపు మూసి ఉంటుంది అంతే.

ఇది ఈ ఒక్క రిసెప్టర్ గొడవ కాదు. 1970లలో ఇన్సులిన్‌ను సెఫరోజ్‌కు అతికించి, ‘హార్మోన్ కణంలోకి పోకుండానే పనిచేస్తోంది’ అని చేసిన వాదనలు ఈ లీకేజీ వల్లే సందేహంలో పడ్డాయి. అమీన్ల సమక్షంలో ఊడివచ్చిన ఇన్సులిన్ మామూలు దానికంటే ఎక్కువ చురుగ్గా కనిపించడం, దాని నిర్మాణాన్ని 1975లో విల్చెక్, ఓకా, టాపర్ వివరించడం ఈ జెల్ చరిత్రలో భాగమే. బంధం తెగినప్పుడు ఊడేది మొదట అతికించిన అణువే కానక్కర్లేదని, ఒక గ్వానిడీనో తోకతో కూడా రావచ్చని అప్పుడే తేలింది.

హెచ్‌సీజీకి ఇంకో దారి కూడా ఉంది. దాని రెండు ఉపభాగాల మధ్య సమయోజనీయ బంధం లేదు. ఒక్క ఆల్ఫా మాత్రమే జెల్‌కు అతికి ఉంటే, పీహెచ్ 3 దగ్గర బీటా జారిపోవచ్చు. వేడి పెరిగే కొద్దీ ఇది ఎక్కువ. ఒంటరి బీటా రిసెప్టర్‌ను ఆక్రమించదు కనుక కొలతకు ప్రమాదం లేదు, కానీ కాలమ్ సామర్థ్యం ప్రతి ఆమ్ల ఎల్యూషన్‌కూ (కాలమ్ నుంచి దింపడానికీ) కొంచెం కొంచెం పడిపోతుంది. ‘మూడోసారి కాలమ్ సగమే పట్టింది’ అన్న ఫిర్యాదుకు తరచుగా కారణం ఇదే. అందుకే ఆమ్ల దశను చల్లగా, త్వరగా ముగించాలి.

లీకేజీని పూర్తిగా ఆపలేం, తగ్గించగలం, కనిపెట్టగలం. తగ్గించడానికి: కొత్త జెల్‌ను సారం చూపించకముందే పూర్తి ఎల్యూషన్ బఫర్‌తో ఒకసారి నడపాలి, బలహీనంగా ఉన్నదంతా అప్పుడే పోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ప్రతిసారీ, వాడే గంటలోనే మళ్లీ ఆమ్ల-క్షార కడుగు ఇవ్వాలి. నెల క్రితం కడిగాం కదా అనుకోకూడదు, ఊడిన హార్మోన్ నిలవలోనే పోగవుతుంది. నిలవకు ట్రిస్ వద్దు. ఫాస్ఫేట్ బఫర్‌లో ఉప్పుతో, 0.02 శాతం అజైడ్‌తో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. అయితే తర్వాత పెరాక్సిడేజ్ అతికించిన లెక్టిన్‌తో బ్లాట్ చేయబోతుంటే అజైడ్ ఆ ఎంజైమ్‌ను ఆపేస్తుంది కనుక బాగా కడగాలి, లేదా 20 శాతం ఇథనాల్‌లో నిలవ చేయాలి. గడ్డ కట్టనిస్తే అగరోజ్ పూసలు పగిలిపోతాయి.

కనిపెట్టడానికి ఒక చవకైన ఉపాయం: గర్భ నిర్ధారణ పట్టీ. సాధారణంగా మి.లీ.కు 25 మిల్లీయూనిట్ల హెచ్‌సీజీని అవి చూపిస్తాయి. మిల్లీగ్రాముకు 10,000 యూనిట్ల లెక్కన అది 2.5 నానోగ్రాములు, అంటే సుమారు 0.07 నానోమోలార్. కేడీ దరిదాపుల్లోనే ఉంది, ఈ పనికి అతికినట్టు సరిపోతుంది. తటస్థం చేసిన ద్రవంలో పట్టీ ముంచి రెండో గీత వస్తే ఆ బ్యాచ్‌ను బంధన కొలతకు వాడొద్దు. గీత రాకపోతే మాత్రం వెంటనే సంబరపడకూడదు. ట్రైటన్, గ్లిసరాల్ పట్టీని అడ్డుకోవచ్చు కనుక, అదే బఫర్‌లో తెలిసినంత హెచ్‌సీజీ కలిపిన నమూనా పక్కన నడపాలి. రిసెప్టర్ మీద కూర్చున్న హార్మోన్ యాంటీబాడీకి దొరక్కపోవచ్చు కూడా. అంకె కావాలంటే ఎలైజా, కప్లింగ్ అప్పుడు కలిపిన అయోడిన్ గుర్తు ఉంటే గామా కౌంటర్.

శుద్ధి ఎంతవరకు వచ్చిందన్నది చెప్పడానికి కూడా ఒక లెక్క ఉంది. 93 వేల అణుభారమున్న రిసెప్టర్ ఒక హార్మోన్‌ను పడితే, పూర్తి శుద్ధ ప్రోటీన్ మిల్లీగ్రాముకు 10,750 పికోమోల్ బంధించాలి. ప్రోటీన్ కొలత చక్కెర భాగాన్ని లెక్కించదు, పెప్టైడ్ భాగం 75 వేల చుట్టూ ఉంటుంది కనుక, ఆ లెక్కన హద్దు 13,300. దిగినదానిలో 3,000 వస్తే ‘23 శాతం శుద్ధం’ అని రాసేముందు ఎస్‌డీఎస్ జెల్ చూడాలి. సిల్వర్ రంగులో ఒక్కటే బ్యాండ్ ఉండి బంధనం తక్కువగా ఉంటే అనుమానం లీకేజీ మీదకో ఆమ్లం దెబ్బ మీదకో పోవాలి. బ్యాండ్లు పది ఉంటే కడుగు మీదకు పోవాలి. ఈ రిసెప్టర్‌కు ఒక వరం ఉంది. రిడ్యూస్ చేయని ఎస్‌డీఎస్ జెల్ తర్వాత కూడా, పొర మీదకు బదిలీ చేశాక, 93 వేల దగ్గర అయోడిన్ హెచ్‌సీజీని బంధిస్తుంది. మెర్కాప్టోఇథనాల్ వేస్తే పోతుంది. ఈ పరీక్షలో, అంటే లిగాండ్ బ్లాట్‌లో, ఎస్‌డీఎస్ వల్ల లీకైన హార్మోన్ విడివడి కిందికి వెళ్లిపోతుంది కనుక, లీకేజీని దాటి రిసెప్టర్‌ను చూసే సులువైన దారి ఇదే.

కరిగిన రిసెప్టర్ బంధనం కొలిచేటప్పుడు బొగ్గు పద్ధతి పనికిరాదు, హెచ్‌సీజీ పెద్ద అణువు. గామా గ్లోబ్యులిన్‌ను తోడుగా వేసి, పాలీఇథిలిన్ గ్లైకాల్ 8000ను చివరికి 10–12 శాతం చేసి అవక్షేపం తీయాలి. ట్రైటన్ ఎక్కువైతే అవక్షేపం జారుతుంది. ట్రైటన్ 280 దగ్గర శోషిస్తుంది, బ్రాడ్‌ఫోర్డ్ రంగును చెడగొడుతుంది, అందుకే ప్రోటీన్ కొలతకు బీసీఏ పద్ధతి వాడాలి. అయోడిన్ హార్మోన్‌లో బంధించగల భాగం ఎంతో తేల్చకుండా స్కాచర్డ్ గీయడం వృథా, అయోడినేషన్‌లో దెబ్బతిన్న అణువులు లెక్కలోకి వచ్చి కేడీని తప్పుగా చూపిస్తాయి.

స్టెరాయిడ్ బంధించే ప్రోటీన్లకు, అంటే గర్భాశయపు ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కో ఎపిడిడిమిస్‌లోని ఆండ్రోజెన్ బైండింగ్ ప్రోటీన్‌కో, ఈ జెల్‌ను సిఫారసు చేయలేం. స్టెరాయిడ్‌లో అమీన్ లేదు, మధ్యలో డైఅమీన్ చేయి పెట్టి హెమిసక్సినేట్‌ను అతికించాలి. ఆ ఎస్టర్‌ను కణజాలంలోని ఎస్టరేజ్‌లు కోసేస్తాయి, పైగా కింద ఐసోయూరియా కూడా తెగుతుంది. మి.లీ. జెల్‌కు ఒక మైక్రోమోల్ స్టెరాయిడ్ ఉండి పదివేలో వంతు ఊడినా, 10 మి.లీ. ద్రవంలో 10 నానోమోలార్. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ కేడీ నానోమోలార్ కంటే తక్కువ, కనుక అంతా నిండిపోతుంది. ఆల్బుమిన్‌నో పాలీలైసిన్‌నో మధ్యలో పెట్టి అనేక అతుకులతో బిగిస్తే కొంత నయం. ఎపాక్సీ జెల్ మీద ఈథర్ బంధంతో అతికించడం ఇంకా నయం. ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కైతే హెపారిన్ జెల్ కూడా చూడొచ్చు, అక్కడ హార్మోనే ఉండదు, ఊడే ప్రశ్నే రాదు.

ప్రత్యామ్నాయాల సంగతి. ఎన్‌హెచ్‌ఎస్-యాక్టివేటెడ్ సెఫరోజ్ 4 ఫాస్ట్ ఫ్లో అమైడ్ బంధం ఇస్తుంది. లీకేజీ చాలా తక్కువ, ధనావేశం లేదు, మధ్యలో పొడవైన చేయి ఉండడం వల్ల పెద్ద రిసెప్టర్-డిటర్జెంట్ గుంపుకు చోటు దొరుకుతుంది. చిక్కేమిటంటే ఐసోప్రొపనాల్‌లో తడిగా వస్తుంది, బఫర్‌లోకి మార్చాక నిమిషాల లెక్కన పనిచేయాలి, 280 దగ్గర చదవలేం. అఫి-జెల్ కుటుంబంలో హెచ్‌సీజీ లాంటి ఆమ్ల ప్రోటీన్‌కు 15 నంబరు జెల్ సరిపోతుంది, 10 నంబరు కాదు. పేరు చూసి 10 కొన్నవారికి కప్లింగ్ సరిగా రాదు. హెచ్‌సీజీ బరువులో సుమారు 30 శాతం చక్కెరలే కనుక, పెర్అయోడేట్‌తో సయాలిక్ ఆమ్లాన్ని మెత్తగా ఆక్సీకరించి హైడ్రజైడ్ జెల్‌కు అతికించడం మరో దారి. లైసిన్లన్నీ ఖాళీగా మిగులుతాయి, హార్మోన్ చురుకు బాగుంటుంది.

అయినా ఈ పాత పొడికి ఎందుకు చోటు ఉందంటే, మొదటిసారి కాలమ్ కట్టేవారికి ఇది క్షమించే సరుకు. ఒక గ్రాముతో మొదలుపెట్టొచ్చు, తప్పు జరిగితే పోయేది కొంచెమే, అతికిన ప్రోటీన్‌ను సూటిగా కొలవొచ్చు. ఎలుక రిసెప్టర్ జన్యువు 1989లో దొరికినప్పుడు దానికి దారి చూపింది అండాశయం నుంచి శుద్ధి చేసిన ప్రోటీన్ పెప్టైడ్ల వరుసే. 341 అమైనో ఆమ్లాల బయటి భాగం, ఏడుసార్లు పొరను దాటే 333 అమైనో ఆమ్లాల భాగం అప్పుడే తెలిశాయి. పెప్టైడ్ వరుస కోసమో, యాంటీబాడీ చేయడానికో శుద్ధి చేసేవారికి కొద్దిగా హార్మోన్ కలిసినా నష్టం లేదు, ఎస్‌డీఎస్ జెల్‌లో అది పక్కకు పోతుంది. అలాంటివారు ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. స్కాచర్డ్ గీయబోయేవారు రెండున్నర దాటొద్దు, ఎన్‌హెచ్‌ఎస్ జెల్ తీసుకోవాలి.

కాలమ్‌ను ఎప్పుడు పారేయాలన్నదానికి ఏకైక గుర్తు సామర్థ్యం. ఒకే రకం సారంలోంచి అంటకుండా వెళ్లిన ద్రవంలో మిగిలిన రిసెప్టర్‌ను ప్రతిసారీ కొలిచి రాసుకోవాలి. అది 20 శాతం దాటగానే కొత్త జెల్ కట్టాలి. లీకేజీ గీత మాత్రం జెల్ పాతబడినప్పుడే కాదు, కొత్తగా కట్టిన మొదటి రోజు కూడా చిక్కగా వస్తుంది, కనుక పట్టీ పరీక్షను మొదటి ఎల్యూషన్ నుంచే మొదలుపెట్టాలి.